కాగితం పుట్టిన రోజే దానికో చోటు

(2025 డిసెంబర్‌లో నల్లగొండలో పెన్షనర్లు, ఉపాధ్యాయులు, రైతులు, చిన్న వ్యాపారులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి ఉద్యోగ మిత్రులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఇంత చలిలో పొద్దున్నే వచ్చినందుకు సంతోషంగా ఉంది.

1954-55 ఖాస్రా పహాణీ అనే మాట వినని వారు ఈ హాలులో ఉండరు. మన ప్రాంతంలో భూమి తగాదా వస్తే పెద్దమనుషులు మొదట అడిగేది అదే. ఆ ఏడు ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఎవరి పేరు ఉందో చూపించమంటారు. డెబ్బై ఏళ్ల కిందటి ఆ ఒక్క వరుస నకలు కోసం మనవాళ్లు తహసీల్దార్ కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగారో మీకు నేను చెప్పనక్కరలేదు. మా నాన్న చదివింది నాలుగో తరగతి. అయినా శిస్తు రసీదులన్నీ పాత ధోవతి గుడ్డలో మూటకట్టి, చెద పట్టకుండా, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీసేవారు. ఏటా శిస్తు కట్టి ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకముందే ఆ మూట దించి కొత్త రసీదు అందులో పెట్టేవారు. రేపు పెడదామని ఏనాడూ అనుకోలేదు. ఆయన పోయాక మా అన్నదమ్ముల పంపకాల్లో ఒక సర్వే నంబరు మీద పేచీ వచ్చినప్పుడు ఆ మూటే మాట్లాడింది.

భూమి కాగితం విషయంలో మన తాతతండ్రులకు ఉన్న ఆ మెలకువ జీతం, పెన్షన్, బ్యాంకు వడ్డీ కాగితాల విషయంలో మనకు లేదు. అది రావాలన్న తపనతోనే ఈ నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను.

నేను ఆడిటర్‌ను కాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు చిట్టా, ఆవర్జా, అంకణా వంటి పద్దుల లెక్కలు నేర్పినవాడిని. పదవీ విరమణ తరువాత మా వీధివాళ్లకు, పాత సహోద్యోగులకు ఆదాయపు పన్ను రిటర్ను వేసే ముందు కాగితాలు సర్దిపెట్టడంలో సాయం చేస్తున్నాను. కాగితాలన్నీ చేతిలో ఉంటే మామూలు ఉద్యోగి రిటర్నుకు గంట చాలు. లేకపోతే నెల రోజులు పడుతుంది. ఆ నెల రోజులూ ఇంట్లో భార్యాభర్తలు ఒకరినొకరు నిందించుకుంటూ ఉంటారు. ఎన్నో ఇళ్లలో చూశాను.

ఈ మధ్య నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “సార్, కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదు. ఎల్ఐసీ రసీదు చూపించినా మినహాయింపు రాదు. ఇంకా ఈ కాగితాలు దాచుకోవడం దేనికి?”

న్యాయమైన ప్రశ్నే. కొత్త విధానం అంటే రేట్లు తక్కువగా ఉండి, మినహాయింపులు చాలావరకు లేని ఆదాయపు పన్ను పద్ధతి. ఆ మినహాయింపులు ఉన్నది పాత విధానం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ కింద ఇచ్చే రిబేటు, అంటే పన్ను తగ్గింపు వల్ల పన్ను సున్నా అవుతుంది. జీతం, పెన్షన్ తీసుకునేవారికి ఆదాయంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కనుక 12,75,000 దాకా భయం లేదు. కానీ పన్ను లేకపోవడం వేరు, రిటర్ను వేయనక్కరలేకపోవడం వేరు. కొత్త విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. భూమి అమ్మిన లాభం, షేర్లు అమ్మిన లాభం వంటి వాటి మీద ప్రత్యేక రేటుతో పడే పన్నుకు ఈ రిబేటు వర్తించదు. ఇది తెలియక, ప్లాటు అమ్మి, “నా పెన్షన్ ఆరు లక్షలే కదా” అని నిశ్చింతగా ఉన్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పూర్వం మనం కాగితాలు దాచింది పన్ను తగ్గించుకోవడానికి. ఎల్ఐసీ, జీపీఎఫ్, పిల్లల ఫీజు రసీదులన్నీ ఫిబ్రవరిలో ఒక కవరులో వేసి జీతాల బిల్లు చేసే అధికారి, డీడీఓ గారికి ఇస్తే పని అయిపోయేది. ఇప్పుడు కాగితం చేసే పని మారింది. మన ఖాతాలో పడిన సొమ్ము ఎక్కడిదో, అది ఆదాయమో కాదో చెప్పేది అదే. కొత్త విధానంలోకి వెళ్లినా ఈ అవసరం పోదు, ఇంకా పెరిగింది. ఎందుకు పెరిగిందో చెబుతాను.

2021 నవంబర్ నుంచి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో వార్షిక సమాచార నివేదిక ఉంటోంది. అందరూ ఏఐఎస్ అంటారు. మీ పాన్ నంబరుతో ముడిపడి మీ జీతం, పెన్షన్, సేవింగ్స్ ఖాతా వడ్డీ, డిపాజిట్ల వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు, కొన్న ఆస్తి, చెల్లించేవారు ముందే కోసిన పన్ను (టీడీఎస్) అన్నీ అందులో చేరుతూ ఉంటాయి. ఒక ఏడాదిలో మీ సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే బ్యాంకు చెబుతుంది. 30 లక్షలు, ఆపైన విలువ చేసే ఇల్లో స్థలమో చేతులు మారితే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చెబుతుంది. అంటే మన చిట్టా మనకంటే ముందే ఎవరో రాసి పెడుతున్నారు. ఆ చిట్టాను సరిచూసుకోవడానికి మన దగ్గర మన చిట్టా ఉండాలా వద్దా?

వాళ్ల చిట్టాలోనూ తప్పులు ఉంటాయి. తల్లి డబ్బును కొడుకు పేరు ముందు పెట్టి ఉమ్మడి డిపాజిట్ చేస్తారు. వడ్డీ అంతా కొడుకు ఏఐఎస్‌లో కనిపిస్తుంది. ఒకే లావాదేవీ రెండుసార్లు పడవచ్చు. ఇలాంటివి ఉంటే అదే పోర్టల్‌లో ఆ వరుస ఎదురుగా ఇది తప్పు అని, ఇది వేరొకరిది అని అభిప్రాయం తెలిపే వీలు ఉంది. కానీ తప్పు అని చెప్పాలంటే ఒప్పు ఏదో మన దగ్గర రాసి ఉండాలి కదా. డిపాజిట్ రసీదు, ఆ డబ్బు తల్లి ఖాతా నుంచే వచ్చిందని చూపే పాస్‌బుక్ పేజీ చేతిలో ఉంటే నిమిషం పని. లేకపోతే ఆ వడ్డీకి పన్ను కట్టి ఊరుకోవాల్సిందే.

వడ్డీ దగ్గర పెన్షనర్లు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. 2025 ఏప్రిల్ నుంచి 60 ఏళ్లు దాటినవారికి ఒక బ్యాంకులో వచ్చే వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ కోస్తారు. ఒక పెద్దాయన నాలుగు బ్యాంకుల్లో డిపాజిట్లు పెట్టారనుకోండి. ఒక్కో చోట 90,000 వడ్డీ. ఎక్కడా టీడీఎస్ పడలేదు, కనుక పన్నులేని వడ్డీ అనుకుంటారు. కానీ మొత్తం 3,60,000 ఆయన ఆదాయంలో కలవాలి. టీడీఎస్ కోయకపోవడం అంటే పన్ను లేదని అర్థం కాదు. ఏప్రిల్ మొదటి వారంలోనే ప్రతి బ్యాంకుకూ వెళ్లి వడ్డీ సర్టిఫికెట్ తీసుకుని ఒక చోట పెట్టండి. టీడీఎస్ కోయవద్దని 15హెచ్ ఫారం ఇచ్చినవారు బ్యాంకు ముద్ర వేసిన నకలు తప్పకుండా తెచ్చుకోండి.

ఇక పాస్‌బుక్. నేను అందరికీ చెప్పే మొదటి పని, చివరి పని కూడా ఇదే. నెలలో ఒక రోజు, మీ ఇష్టం, నేను మొదటి ఆదివారం సాయంత్రం కూర్చుంటాను. పాస్‌బుక్‌లో ఆ నెల పద్దులు వేయించుకుని వచ్చి, జమ వైపున్న ప్రతి అంకె పక్కన పెన్సిలుతో ఒక మాట రాయండి. పెన్షన్. వడ్డీ. కిరాయి. చిట్టీ పాట సొమ్ము. అమ్మాయి పంపింది. చేబదులు తిరిగొచ్చింది. అంతే. మీకు పట్టేది పదిహేను నిమిషాలు.

ఆ చివరి మాట మీద కొంచెంసేపు ఆగుతాను. మన దగ్గర చేబదుళ్లు లేని ఇల్లు లేదు. పెళ్లికని, ఆసుపత్రికని, బోరు వేయించడానికని ఒకరికొకరం ఇచ్చుకుంటాం, మూడు నెలలకో ఆరు నెలలకో తిరిగి ఇస్తాం. అది మన మంచి అలవాటు, పోకూడదు. చేబదులుగా తీసుకున్నది ఆదాయం కాదు, తిరిగి వచ్చిన చేబదులూ ఆదాయం కాదు. కానీ మూడేళ్ల తరువాత ఎవరైనా “ఈ రెండు లక్షలు ఏమిటి?” అని అడిగితే మీకు గుర్తుంటుందా? ఇచ్చిన మిత్రుడు అప్పటికి ఎక్కడ ఉంటాడో? అందుకే రెండు పనులు చేయండి. 20,000, ఆపైన చేబదులు ఎప్పుడూ బ్యాంకు ద్వారానే ఇచ్చిపుచ్చుకోండి. ఆ మొత్తాన్ని నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడే నిబంధన ఉంది. స్థలం అమ్మేటప్పుడు తీసుకునే బయానాకూ ఇదే వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలియదు. రెండోది, ఆ రోజే పాస్‌బుక్‌లో ఆ అంకె పక్కన పేరు రాయండి. కొడుకు, కూతురు, అన్నదమ్ములు వంటి దగ్గరి బంధువులు ఊరికే ఇచ్చిన సొమ్ముకు పన్ను లేదు. బంధువులు కానివారు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటితే, పెళ్లి కానుకల వంటివి తప్ప, ఆదాయమే. కాబట్టి కూతురు లక్ష పంపితే కూతురు అని రాసి ఉండాలి.

ఇక వ్యవసాయం. ఈ హాలులో సగం మందికి ఉద్యోగమో పెన్షనో ఉంది, దాంతోపాటు ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోటో, ఆయకట్టులో వరి మడో ఉంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి ఆ తరువాత ఉంది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే అందరూ వేసే ఐటీఆర్-1 రిటర్ను ఫారం సరిపోదు, ఐటీఆర్-2 వేయాలి. పన్ను పడేంత ఇతర ఆదాయం ఉంటే, ఆ ఆదాయానికి ఏ రేటు పన్ను పడుతుందో తేల్చడానికి వ్యవసాయ ఆదాయాన్ని కూడా లెక్కలో కలుపుతారు. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే ఆ భూమి ఏ జిల్లాలో ఉంది, ఎంత విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్న వివరాలు కూడా రిటర్నులో అడుగుతారు.

అప్పుడు ఏం చూపిస్తారు? పట్టాదారు పాస్‌పుస్తకం ఒక్కటే చాలదు. అది భూమి మీదని చెబుతుంది, పంట వచ్చిందని చెప్పదు. పంట వచ్చిందని చెప్పేది మార్కెట్లో ఇచ్చే తక్‌పట్టీ. ఆ చిన్న చీటీని మనవాళ్లు చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వస్తారు, రెండో ఉతుకుకు అది పిండి అయిపోతుంది. వడ్లు కొనుగోలు కేంద్రంలో అమ్మితే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది కనుక ఒక ఆధారం మిగులుతుంది. తోట మీద గంపగుత్తగా వ్యాపారికి కాయ అమ్మినప్పుడే చిక్కు. నగదు చేతిలో పడుతుంది, కాగితం ఉండదు. ఆ వ్యాపారితో ఒక తెల్లకాగితం మీదైనా తేదీ, ఎన్ని టన్నులు, ఎంత ధర, ఎంత ఇచ్చాడు అని రాయించి సంతకం తీసుకోండి. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే అదే రోజు వేయండి. జూన్‌లో అమ్మిన కాయ డబ్బు నవంబర్‌లో జమ చేస్తే రెండింటికీ ముడి తెగిపోతుంది. ఎరువు, మందులు, కూలీల ఖర్చు కూడా ఒక పుస్తకంలో రాయండి. కిందటి వానాకాలం కలుపుకు ఎంత ఖర్చయిందో రైతుకు తెలిస్తే పన్నుకే కాదు, వచ్చే పంటకూ పనికొస్తుంది.

భూమి అమ్మకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు హైదరాబాద్ దారి పొడవునా, పట్టణాల చుట్టూ భూములు చేతులు మారుతున్నాయి. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. ఏది గ్రామీణం అన్నది పురపాలిక నుంచి దూరం బట్టి తేలుతుంది. జనాభా పది వేలు దాటి లక్ష లోపు ఉన్న పట్టణమైతే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపు అయితే 6 కిలోమీటర్లు, అంతకు మించితే 8 కిలోమీటర్లు. ఆ దూరం దాటి ఉంటేనే గ్రామీణం. 2011 లెక్కల ప్రకారం నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటినవే. కనుక మనకు 6 కిలోమీటర్లు. అది రోడ్డు దూరం కాదు, ఆకాశమార్గాన కొలిచే దూరం. అమ్మే ముందే ఆ దూరం తెలిపే ధ్రువపత్రం అధికారుల నుంచి తీసుకోండి. అమ్మిన తరువాత ఆ సర్వే నంబరు ప్లాట్లుగా మారిపోతే, అక్కడ పంట ఉండేదని చూపడం కష్టం. పాత పహాణీలు, తక్‌పట్టీలు అప్పుడు మిమ్మల్ని కాపాడతాయి.

ప్లాటు, ఇల్లు అయితే కొన్నప్పటి దస్తావేజు, స్టాంపు, రిజిస్ట్రేషన్ చలానాలు, ఇల్లు కట్టినప్పటి సిమెంటు, ఇనుము బిల్లులు, మేస్త్రీకి చెల్లించిన లెక్క, మున్సిపల్ అనుమతి, ఇవన్నీ అది అమ్మే దాకా దాచాలి. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలమో ఇల్లో ఇప్పుడు అమ్మితే దేశంలో నివాసం ఉండేవారికి రెండు దారులు ఉన్నాయి. ద్రవ్యోల్బణ సవరణ, అంటే పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపడం, లేకుండా 12.5 శాతం, లేదా సవరణతో 20 శాతం, ఏది తక్కువ అయితే అది. తక్కువ ఏదో తెలియాలంటే ఎంతకు కొన్నారో, ఎంత పెట్టి కట్టారో తెలియాలి. 1998లో మీ ఇంటి పై అంతస్తు వేసిన మేస్త్రీ లెక్కల పుస్తకం పాత సామానులో పడేసి ఉంటే, ఈ సాయంత్రమే బయటికి తీయండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో ఉండగా ఒక ఏడాది వెనకటి సంవత్సరాల వేతన బకాయిలు ఒకేసారి చేతికి వచ్చాయి. మూడేళ్ల డబ్బు ఒకే ఏడాది ఆదాయంలో కలిసి పన్ను పెరిగింది. ఇలాంటప్పుడు సెక్షన్ 89 కింద ఉపశమనం ఉంటుంది. ఏ ఏడాదికి చెందిన బకాయి ఆ ఏడాదికి పంచి లెక్క కడతారు. అందుకు ఫారం 10ఈ పోర్టల్‌లో ముందుగా సమర్పించాలి. కామర్స్ అధ్యాపకుడినై ఉండి కూడా నేను ఆ ఫారం వేయకుండా రిటర్నులో ఉపశమనం రాసుకున్నాను. దాన్ని తిరస్కరించి, పన్ను కట్టమని నోటీసు వచ్చింది. సరిదిద్దుకుందామంటే ఏ ఏడాదికి ఎంత బకాయి అన్నది చూపే బిల్లు నకలు నా దగ్గర లేదు. ఆ మూడేళ్లలో నేను మూడు ఊళ్లలో పనిచేశాను. మూడు ఊళ్లకూ వెళ్లాను. ఒక చోట రికార్డు గదిలో ఆ సంవత్సరం కట్టలకు చెదలు పట్టాయి. ఆ చెదపుట్ట ముందు నిలబడి మా నాన్న దూలానికి కట్టిన మూటను తలచుకున్నాను. ఆ రోజు నుంచి వేతన బిల్లు నకలు చేతికి అందిన పూటే ఫైలులో పెట్టడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉన్నవారికి నా విన్నపం ఇదే. కరువు భత్యం బకాయిలు గాని, వేతన సవరణ బకాయిలు గాని పడిన ప్రతిసారీ ఏ నెలలకు ఎంత అన్న పట్టీ అడిగి తీసుకోండి. కొత్త విధానంలోనూ ఈ ఉపశమనం ఉంది.

పాత విధానంలోనే ఉన్నవారు, అంటే ఇంటి అప్పు వడ్డీ, ఇంటి అద్దె భత్యం వంటివి బాగా ఉన్నవారు, మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ ఏడాది రిటర్ను ఫారాల్లో పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, అప్పు ఖాతా నంబరు వంటివన్నీ అడిగారు. మినహాయింపు గడిలో ఊరికే 1,50,000 అని వేసి వదిలే రోజులు పోయాయి. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ ఇవ్వాలి. 60 దాటి, ఆరోగ్య బీమా లేని పెద్దలు పాత విధానంలో 80డి కింద వైద్య ఖర్చులకు 50,000 దాకా మినహాయింపు పొందవచ్చు, కానీ ఆ ఖర్చు నగదుగా చేసి ఉండకూడదు. మందుల దుకాణంలో ఫోనుతో చెల్లించి బిల్లు తీసుకోండి. తీసుకున్న రోజే దాన్ని ఫోటో తీయండి. ఆ నున్నటి కాగితం మీద అచ్చు మన ఎండలకు ఒక వేసవి కూడా నిలవదు. ఏడాది చివర పెట్టె తెరిస్తే తెల్ల కాగితాలు కనిపిస్తాయి. ఏటీఎం చీటీలు, డిపాజిట్ యంత్రం ఇచ్చే చీటీలు కూడా అంతే.

ఇప్పుడు చెప్పబోయేది మనసుకు బాధ కలిగించే విషయం. రిఫండ్ ఇప్పిస్తామని తిరిగే మధ్యవర్తులు. “మాష్టారూ, మీకు 60,000 వెనక్కి తెప్పిస్తాను, నాకు పదో వంతు ఇవ్వండి” అంటారు. లేని వైకల్యం, లేని విద్యా రుణం, ఇవ్వని విరాళం రిటర్నులో రాస్తారు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. లేనిది ఉన్నట్టు చూపితే ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా. అది మధ్యవర్తికి పడదు, సంతకం మీది కనుక మీకే పడుతుంది. పిల్లలకు సత్యం చెప్పిన నోటితో మనం ఆ కాగితానికి సరే అనకూడదు.

దీనికి అనుబంధంగా మరొకటి. చాలామంది రిటర్నులు వేసే చోట పాస్‌వర్డు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. పోర్టల్‌లో ఫోను నంబరు, ఈమెయిలు కూడా వాళ్లవే పెడతారు. నోటీసు వస్తే అది వాళ్ల ఫోనుకు పోతుంది. గడువు దాటిపోతుంది, మీకు తెలియదు. ఇంటికి వెళ్లాక మీ పిల్లలతో కలిసి ఆ పోర్టల్ తెరిచి, అక్కడ ఎవరి ఫోను నంబరు ఉందో చూడండి. మీది కాకపోతే మార్చండి. రిటర్ను వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించకపోతే అది వేసినట్టే లెక్కకు రాదు, ఆ ఓటీపీ కూడా మీ ఆధార్‌తో కలిపిన ఫోనుకే వస్తుంది కనుక అది మీ చేతుల మీదుగానే జరగాలి.

మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక మట్టిపని గుత్తేదారు నా దగ్గరికి వచ్చారు. ఇరవై మందిని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగి పనిచేయించే మనిషి. ప్రతి బిల్లులో ఒక శాతం టీడీఎస్ కోశారు. ఆయన ఆదాయం పన్ను పడేంత లేదు, ఆ డబ్బంతా వెనక్కి రావాల్సిందే. కానీ అది తన డబ్బని ఆయనకు తెలియదు. నాలుగేళ్లు రిటర్ను వేయలేదు. మామూలుగా గడువులోగా వేస్తేనే రిఫండ్ అడగవచ్చు. ఆ తరువాత వేసే అప్‌డేటెడ్ రిటర్నుతో రిఫండ్ అడగడానికి వీలు లేదు. ఎండలో గంపలు మోయించి సంపాదించిన సొమ్ము అది. పాలమూరు కూలీల చెమటతో ఈ దేశంలో ఎన్ని కాలువలు పారుతున్నాయో మనకు తెలుసు. వాళ్ల పిల్లల్లో చదువుకున్నవారు ఇంటికి వచ్చినప్పుడు నాన్న పాన్ మీద ఎంత టీడీఎస్ ఉందో ఒక్కసారి చూసి పెట్టండి.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలి అంటారా? ఖరీదైనవేవీ అక్కరలేదు. ఏప్రిల్ ఒకటిన ఒక కొత్త అట్ట ఫైలు కొనండి, పైన 2026-27 అని రాయండి. మార్చి 31న దాన్ని మూసి, పక్కన పెట్టి, ఇంకొకటి కొనండి. లోపల మొదటి కాగితంగా మీ బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు, నామినీల పేర్లు మీ చేతిరాతతో రాసి పెట్టండి. ఫోనులో తీసే ఫోటోలకు తేదీతో పేరు పెట్టండి. ఫోను పోతే ఫోటోలూ పోతాయి కనుక మీ ఈమెయిలుకు కూడా పంపుకోండి. పాత ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచాలని అడుగుతారు. రిటర్నులను తిరిగి తెరిచే గడువు ఇప్పుడు మామూలుగా అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఏడాది, ముగిశాక మూడేళ్ల మూడు నెలలు. దాచిన ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటే ఐదేళ్ల మూడు నెలలు. నేను ఎనిమిదేళ్లు ఉంచమంటాను. భూమి, ఇంటి కాగితాలకు, రిటర్ను నకళ్లకు, జీతం మీద కోసిన పన్నుకు కార్యాలయం ఇచ్చే ఫారం 16లకు మాత్రం ఏ గడువూ పెట్టుకోవద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వస్తోంది. సెక్షన్ల నంబర్లు మారతాయి. తక్‌పట్టీకి, పాస్‌బుక్‌కు ఉన్న విలువ మారదు.

చివరగా మా అన్నయ్య సంగతి. ఆయన హఠాత్తుగా పోయారు. ఇంటి లెక్కలన్నీ ఆయన తలలోనే ఉండేవి. వదినకు బీరువాలో ఒక పాస్‌బుక్ ఉందని మాత్రమే తెలుసు. పదో రోజు దాటాక వదిన నన్ను పక్కకు పిలిచి, “తమ్ముడూ, మీ అన్న ఎక్కడెక్కడ ఏం పెట్టారో నాకు తెలియదు, నేను ఎవరిని అడగాలి?” అన్నారు. నలభై ఏళ్లు ఆ ఇంటిని నడిపిన మనిషి అడిగిన మాట అది. చనిపోయిన వారి తరఫున కూడా రిటర్ను వేయాలి. చనిపోయిన తేదీ దాకా ఉన్న ఆదాయం వారిది, ఆ తరువాతది వారసులది. వదినను వారసురాలిగా పోర్టల్‌లో నమోదు చేయించాం. మరణ ధ్రువపత్రం, ఆయన పాన్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టాల్సి వచ్చింది. అనుమతి వచ్చాక, ఆయన పేర కోసిన పన్నును చూపే పట్టీ, అన్నయ్య 26ఏఎస్ తెరిచాం. అందులో మేమెవ్వరం ఎన్నడూ వినని ఒక బ్యాంకు శాఖ కోసిన టీడీఎస్ ఉంది. వెళ్లి అడిగితే డిపాజిట్ దొరికింది. నామినీ పేరు రాసి లేదు. వదిన ఆ డబ్బు కోసం ఎనిమిది నెలలు తిరగాల్సి వచ్చింది.

ఇప్పుడు వదిన కుటుంబ పెన్షన్ తీసుకుంటున్నారు. అందులో మూడో వంతు లేదా కొత్త విధానంలో 25,000, ఏది తక్కువైతే అది మినహాయింపు ఉంటుందని ఆమే నాకు చెబుతారు. ప్రతి నెలా పాస్‌బుక్ పక్కన పెన్సిలు పెట్టుకుని కూర్చుంటారు. ఫైలు మొదటి పేజీలో ఆమె తన ఖాతాలన్నీ రాసి, కింద మా అన్నయ్య కూతురి ఫోను నంబరు రాశారు.

2024-25 రిటర్ను సెప్టెంబర్ 16 లోపు వేయలేనివారికి ఈ నెల 31 దాకా గడువు ఉంది. ఆలస్య రుసుము 5,000, ఆదాయం 5 లక్షల లోపు అయితే 1,000. ఆలస్యంగా వేసేవారు కొత్త విధానంలోనే వేయాలి. వెనుక బల్ల దగ్గర ఇద్దరు పూర్వ విద్యార్థులు కంప్యూటర్లతో కూర్చున్నారు. పాన్, ఆధార్‌తో కలిపిన ఫోను తెచ్చినవారు ముందు మీ ఏఐఎస్ చూసుకోండి. పెద్దలు మొదట వెళ్లండి, మిగతావారు ఆ తరువాత. నేను మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను.